నెల నీది, నెల నాది

ఆ రికార్డుకు మేమిద్దరం యజమానులం. ఒక నెల అతని ఇంట్లో ఉండేది, ఒక నెల నా గదిలో. చేతులు మారేది నెల మొదటి ఆదివారం, నాంపల్లి స్టేషను దగ్గర సందులో ఉన్న ఇరానీ హోటల్లో. ఈ ఏర్పాటును కాగితం మీద పెట్టలేదు. నేను కోర్టుల పక్కన ఒక వకీలు దగ్గర టైపిస్టుని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒప్పందాలూ, దావాలూ, వాయిదా కోరే దరఖాస్తులూ కొట్టడమే నా పని. కాగితం లేకుండా, ఉత్త మాట మీద నడిచిన వ్యవహారం నా జీవితంలో అదొక్కటే. దాన్నీ నేను నిలబెట్టుకోలేదు.

పశ్చాత్తాపం మంటలా ఉంటుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. నాకైతే అది మోకాలి నొప్పిలాగా ఉంది. కూర్చుంటే ఉండదు. లేచి మెట్లెక్కబోతే గుర్తుకొస్తుంది.

తొంభైల మొదట్లో మాట. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళు. పెద్ద పోస్టాఫీసు వైపు మలుపులో ఒకాయన పుస్తకాలతో పాటు రికార్డులు కూడా పెట్టేవాడు. అప్పటికే జనం క్యాసెట్లకు మారిపోయి, ఇంట్లో ఉన్న రికార్డులను పాత సామాన్లతో కలిపి వదిలించుకుంటున్నారు. ఆ గుట్టలోంచి ఒక తెల్ల అట్టను లాగబోయాను. దాని మీద బొమ్మ లేదు, పేరు లేదు. మధ్యలో గుండ్రటి కన్నం, అందులోంచి కనిపించే తెల్ల లేబులు, లేబులు మీద సగం చెరిగిన రబ్బరు స్టాంపు. లాగితే రాలేదు. అవతలి అంచు ఇంకొకరి చేతిలో ఉంది.

"ముందు నేను పట్టుకున్నానండీ," అన్నాను.

"పట్టినవ్, కాదనను. గని నువ్ పట్టింది గా దిక్కు. గీ దిక్కు నేను పట్టిన," అన్నాడతను. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి పక్కకు దువ్విన జుట్టు, చంకలో బైబిలు. చూడగానే చర్చి నుంచి వస్తున్నాడని తెలుస్తోంది.

రికార్డుల ఆయన మా ఇద్దర్నీ ఒకసారి చూసి, "దోనో మిల్‌కే లేలో సాబ్, ఘర్ జాకే లడో," అన్నాడు. ఇద్దరూ కలిసి తీసుకోండి, కొట్లాట ఇంటికెళ్ళి పెట్టుకోండి అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేం కూడా నవ్వి, అలాగే తీసుకున్నాం.

అతను మెదక్ వైపు మిషను కుటుంబం వాడు. వారమంతా గౌలిగూడలో ఒక లారీ ఆఫీసులో గుమాస్తా, ఆదివారం ఒక చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. నాంపల్లిలో ఏటా నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే మైదానం వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ రోజే అక్కడికి తీసుకెళ్ళాడు. మా నాన్న యాభై ఆరులో ఉద్యోగంతో పాటు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. నేను పుట్టింది ఇక్కడే అయినా నా మాట మాత్రం మా ఇంటి మాటే. "వస్తానండీ, తెస్తానండీ" అంటుంటే అతనికి సరదా. "తెస్తానండీ" అని సాగదీసి వెక్కిరించేవాడు. ఆ గేలి కొన్నేళ్ళ తర్వాత నాకు గుచ్చుకుంటుందని అప్పుడు తెలియదు.

రికార్డుల గురించి మాకు తెలిసిన లెక్క ఒకటే. పెద్ద రికార్డంటే నిమిషానికి ముప్పై మూడు చుట్లు, చిన్నదంటే నలభై అయిదు. ఇళ్ళల్లో అందరికీ తెలిసిన లెక్క అదే. ఇది పళ్ళెమంత పెద్దది. ప్లేయరు మీద మీటను ముప్పై మూడు దగ్గర పెట్టి ముల్లు దించాడు.

అలాంటి పాట నేను అంతకు ముందు వినలేదు. సామాన్ల బండి స్టేషను నుంచి బయల్దేరేటప్పుడు పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కుని కదిలినట్టు, కింద ఒక బరువైన స్వరం. దాని మీద ఎలక్ట్రిక్ పియానో, తడిబట్ట నుంచి చుక్కలు రాలినట్టు ఆగి ఆగి. డప్పు కొట్టేది మనిషి కాదు, ఏదో యంత్రం. కానీ ఆ యంత్రం కూడా అలిసిపోయినట్టే కొడుతోంది. పాట మధ్యలో అన్నీ ఆగిపోయి, ఒక ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చినట్టు ఒక గొంతు. మళ్ళీ ఆ బరువు స్వరం మొదలు.

ముల్లు లేబులు దాకా పోయి గరగరమంటున్నా ఇద్దరం లేవలేదు.

"ఎవరో పెద్దమనిషి పోయిండు తమ్మీ. గందుకే గిట్ల వాయించిన్రు," అన్నాడతను చివరికి.

నేను అవునన్నాను. నాకూ అలాగే తోచింది.

అలా మొదలైంది. నెల నీది, నెల నాది. హోటల్లో చాయ్ తాగి, ఉప్పుగా తియ్యగా ఉండే బిస్కెట్లు నంజుకుని, గుడ్డ సంచీ బల్ల మీద నుంచి అటు జరిపేవాళ్ళం. ఆ సంచీకి వాళ్ళావిడ ఒక పేరు పెట్టింది: సవతి. "ఏం తమ్మీ, సవతిని పంపుతున్న, మంచిగ చూస్కోర్రి. నెల కాంగనే పుట్టింటికి తోలియ్యాలె," అనేది. నేను ఆమెను వదినా అనేవాణ్ని. సంగీతం అంటే ఆమెకు పెద్ద పట్టింపు లేదు. మా ఇద్దర్నీ ఆటపట్టించడం మాత్రం ఇష్టం.

ఒక ఆదివారం అతను హోటల్లోకి వస్తూనే నవ్వుతున్నాడు. ఆ పొద్దున చర్చిలో కానుకలు పట్టేటప్పుడు, సంచీలు వరసల మధ్య తిరుగుతుండగా, ఆర్గన్ మీద మెత్తగా మా రికార్డు పాట వాయించాడట. ముసలాయన ఏడ్చే చోట వేళ్ళు తీసేసి ఊరుకున్నాడట. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు పిలిచి, "ఆ కీర్తన ఎక్కడిది? మనసు నెమ్మదించింది," అన్నాడట.

"నువ్వేమన్నావన్నా?"

"పాతది అయ్యగారూ, ఇంగ్లీషోళ్ళ కాలంది అన్న. అబద్ధమైతె కాదు గద?"

ఆ తర్వాత అది అలవాటైపోయింది. ఒకసారి వినడానికే నేను వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. మల్లెపూలు పెట్టుకున్న పెద్దావిడలు తలలు వంచుకుని చీర కొంగు ముడి విప్పుతున్నారు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పేరు లేకుండా పడున్న పాట ఇక్కడికి ఎలా చేరింది అనుకున్నాను. నా జీవితంలో ఒక మంచి పనిలో నాకు సగం వాటా ఉందనిపించిన రోజు అది.

ఇక పాడుచేసిన సంగతి.

అప్పుడు నేను ఒక మేడ మీద రేకుల గదిలో ఉండేవాణ్ని. మే నెల, వంతు నాది. వకీలు గారితో పాటు ఒక కేసు పని మీద వరంగల్ వెళ్ళవలసి వచ్చింది. పోతూ పోతూ రికార్డును ప్లేయరు మీదే వదిలేసి కిటికీ తెరిచి వెళ్ళాను. అట్టలో పెట్టి బీరువాలో నిలబెట్టడానికి ఎంత సేపు? ఆ కాస్త సేపు నాకు బరువైంది. తిరిగొచ్చేసరికి అది నూనెలో వేసిన అప్పడంలా అంచులు లేచి ఉంది. అంతటితో ఆగానా? రెండు అద్దం పలకల మధ్య పెట్టి ఎండలో ఉంచితే చదునవుతుందని ఎవరో చెప్పారు. అలాగే చేశాను. చదునైతే అయింది. గీతలన్నీ కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ముల్లు పెడితే జారుకుంటూ పోయి మధ్యలో ఆగింది.

ఆ ఆదివారం వెళ్ళి చెప్పి ఉంటే సరిపోయేది. అతను తిట్టేవాడు, తర్వాత ఇంకో చాయ్ చెప్పేవాడు. నేను మాత్రం ఖాళీ చేతులతో వెళ్ళి, "ముల్లు విరిగిందన్నా, వినకుండా ఇవ్వడం ఎందుకని. వచ్చే నెల తెస్తాను," అన్నాను.

"తెస్తానండీ," అని నవ్వాడు.

మరుసటి నెల గదికి సున్నం వేస్తున్నారన్నాను. ఆ పై నెల ప్లేయరు రిపేరుకిచ్చానన్నాను, రికార్డు దాని లోపలే ఉండిపోయిందన్నాను. రికార్డు ప్లేయరు లోపల ఎలా ఉండిపోతుందో అతను అడగలేదు. నాకు ఇవన్నీ కష్టమనిపించలేదు. ఆఫీసులో నేను చేసేదీ అదే కదా. కక్షిదారుకు ఒంట్లో బాగాలేదు, సాక్షి ఊళ్ళో లేడు, కాగితాలు అందలేదు, కావున వాయిదా వేయవలసిందిగా ప్రార్థన. వేళ్ళకు అలవాటైపోయిన వాక్యాలు నోటికి కూడా అలవాటయ్యాయి. వాయిదా ఇచ్చిన రోజు కక్షిదారు తేలికపడి ఇంటికి పోతాడు. నేను కూడా ఆ మొదటి ఆదివారాల్లో తేలికపడి ఇంటికి పోయేవాణ్ని.

తర్వాత వెళ్ళడమే మానేశాను. నాంపల్లి నుంచి అబిడ్స్ వెళ్ళాలంటే ఆ సందు ముందు నుంచి పోవాలి. నేను బషీర్‌బాగ్ మీదుగా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను. ఎండలో ఆ చుట్టుదారి నడక నాకు శిక్ష అనుకునేవాణ్ని. శిక్ష అనుకోవడం కూడా ఒక సౌకర్యమే. ఎదురుగా వెళ్ళి నిలబడడం కన్నా తేలిక. అలా ఏళ్ళు గడిచాయి. ఒక స్నేహం చచ్చిపోవడానికి గొడవ అవసరం లేదు, ఒకడు దారి మార్చుకుంటే చాలు.

రెండువేలు దాటాక అబిడ్స్‌లో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. వకీలు గారి పని మీద వెళ్ళినప్పుడు, ఒక రోజు తోచక, మా రికార్డు గురించి వెతికాను. పేరు తెలియదు. కానీ పాట అయిపోయాక లేబులు పక్కన మిగిలే నున్నటి చోట మేకుతో గీసినట్టు కొన్ని అక్షరాలూ అంకెలూ ఉండేవి. పాడైన రికార్డును నేను పారేయలేదు, మంచం కింద ఉంది. లోతుగా గీసినవి కాబట్టి కరిగాక కూడా చదవగలిగేలా ఉన్న ఆ అంకెలు రాసుకొచ్చి కొట్టాను. దొరికింది. ఎక్కడో ఇంగ్లండులో కొద్ది కాపీలు మాత్రమే వేసిన రికార్డట. ఇన్నేళ్ళ తర్వాత, పాత రికార్డులు సేకరించేవాళ్ళ కోసం మళ్ళీ అచ్చు వేశారట, అదీ పరిమితంగానే. కింద రకం అని రాసి, ఎలక్ట్రానిక్, జాజ్, ఫంక్ అని వరసగా ఉంది. చివర డాన్సు అని ఉంది. వేగం దగ్గర నలభై అయిదు అని ఉంది. వాళ్ళు ఇంకేదో రికార్డుతో కలిపేసి రాశారనుకున్నాను. మా పాటకు డాన్సు చేసేవాడెవడు?

తెప్పించాలనుకున్నాను. వచ్చే నెల అనుకున్నాను. నా సంగతి మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది.

వదిన కనబడింది నాంపల్లి కూరగాయల బజారులో. నేను తప్పుకునేలోపు ఆమే పిలిచింది.

"ఏం తమ్మీ, కోటల ఉన్నరా ఏంది, మనుషులకు కనవడకుంట? సవతి మంచిగున్నదా?"

నేను ఏదో గొణిగాను. ఆమె నవ్వు ఆపి సంచీ కింద పెట్టింది.

"మీ అన్నకు చెవులు పోతున్నయ్. దవాఖానల చూపిచ్చినం. సన్న సప్పుళ్ళు ముందుగాల పోతయంట, దొడ్డువి మెల్లగ పోతయంట. ఆపేది మాత్రం ఏం లేదన్నరు. చర్చిల ఆర్గన్ ఇడిసిపెట్టిండు. ఇప్పుడు పోరగాళ్ళు కీబోర్డు కొడుతున్నరు, ఈయన ఎనక బెంచీల కూసుంటడు."

"అయ్యో వదినా."

"పొద్దున లేస్తే బల్ల మీద వేళ్ళాడిస్తనే ఉంటడు. ఏంది అంటే, గా పాట అంటడు. మొత్తం పోకముందు ఒక్కసారి వింటె చాలు అంటడు. మీ దగ్గరనే ఉన్నది గద? జర తెచ్చియ్యిర్రి. నెలలు గిలలు తర్వాత చూస్కుందురు."

ఉంది వదినా, తెస్తాను అన్నాను. అప్పుడు కూడా నిజం చెప్పలేదు. ఆ మాట అన్న నోరు నాదేనా అని ఇంటికి పోయేదాకా అనుకున్నాను. నాదే.

మా ఆఫీసులో ఆస్తి దావా ఉన్న ఒక పెద్దమనిషి లండన్‌లో ఉండేవాడు, కేసు పిలిచినప్పుడల్లా వచ్చిపోయేవాడు. ఆయనకు ఫోనులో వివరాలు చెప్పి, వచ్చేటప్పుడు తెమ్మని బతిమాలాను. ఒప్పుకున్నాడు. కొన్నాడు కూడా. తీరా రావలసిన వారం ఆయనకు అక్కడ వీలు పడలేదు. విచారణ వాయిదా కోరుతూ దరఖాస్తు పెట్టమన్నాడు. ఆ దరఖాస్తు కొట్టింది నేనే. ఎన్ని వందలు కొట్టి ఉంటానో, వాయిదా అంటే అవతల ఒకడు కూర్చుని ఎదురుచూడడమని నాకు తట్టింది ఆ రోజే. చెవులు వాయిదా అడగవు. అవి పోతూనే ఉంటాయి.

ఎట్టకేలకు రికార్డు వచ్చింది. పారదర్శకమైన కాగితంలో బిగించి, మూల మీద బంగారు రంగు చీటీ అంటించి ఉంది. ఆఫీసులో కుర్ర వకీలు ఒకాయన చూసి, "అంకుల్, సీలు తియ్యకండి. ఇలాంటివి తియ్యకుండా ఉంచితే రేటు పెరుగుతుంది," అన్నాడు. ఇది కూడా చెప్పాలి: నేను దాన్ని ఇంటికి తెచ్చి అల్మరాలో నిలబెట్టి, ఒక వారం అలాగే చూస్తూ ఉన్నాను. రేటు కోసం కాదు. అంత కొత్తగా, అంత మచ్చ లేకుండా ఉన్నది నా చేతికి ఎప్పుడూ రాలేదు. విప్పితే మళ్ళీ నావల్ల ఏదో ఒకటి అవుతుందని భయం. వారం తర్వాత ఆ భయం మీద నాకే రోత పుట్టింది. అబిడ్స్ వెనక సందులో ఒక కొత్త ముల్లు కొని, సంచీలో వేసుకుని బయల్దేరాను.

తలుపు తీసింది వదిన. సంచీలోంచి తీయగానే, "అబ్బో, సవతి కొత్త చీర కట్టుకోని వచ్చిందే!" అంది.

అతను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, దువ్వడం మాత్రం అలాగే. నన్ను చూసి లేవలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. రికార్డు చేతికి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని తిప్పి చూశాడు.

"ఇది మనది కాదు గద?"

"కాదన్నా. మనది నేను పాడుచేశాను," అన్నాను.

"ఏందీ?"

"మనది పాడుచేశానన్నా."

"ఏందయ్యా, పెద్దగ చెప్పు."

ఇన్నేళ్ళూ లోపల పెట్టుకున్న మాట. గొంతు దించి, తల దించి చెప్పుకోవలసిన మాట. దాన్ని నేను అరిచి చెప్పవలసి వచ్చింది. "నేనే పాడుచేశానన్నా! ఎండలో పెట్టాను! అప్పడంలా లేచింది! కరిగిపోయింది! అబద్ధాలు చెప్పాను!"

పక్క వాటాలో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. ఎదురింటావిడ కిటికీలోకి వచ్చి చూసింది.

"ఎర్కే," అన్నాడతను. "గల్లీ మొత్తానికి ఎందుకు చెప్తున్నవ్? గప్పుడే సమజయింది నాకు. మంచిగున్న రికార్డును గన్ని రోజులు ఎవడు దాస్తడు?"

"మరి ఎందుకు అడగలేదన్నా?" అని మళ్ళీ అరిచాను.

"నువ్ చెప్తవేమో అని కూసున్న హోటల్ల. మస్తు ఆదివారాలు కూసున్న. చాయ్ పోసెటాయన గూడ అడిగిండు, నీ దోస్తు మర్‌గయా క్యా, సచ్చిండా అని."

అతను చిటికెన వేలి గోరుతో పారదర్శక కాగితాన్ని అంచు పొడుగునా చీల్చేశాడు. రేటు పోయిన ఆ చప్పుడు నాకు హాయిగా వినిపించింది.

ప్లేయరు మీద వదిన ప్లాస్టిక్ పూల కుండీ పెట్టుకుంది. దాన్ని తీసి, గుడ్డ తీసి, కొత్త ముల్లు బిగించాం. అతను లేబులు చదివాడు. "నలభై అయిదంట," అని నా వైపు చూశాడు. ఏమో అన్నట్టు చేతులు తిప్పాను. మీటను నలభై అయిదు మీద పెట్టి ముల్లు దించాడు.

గదిలో ఒక్కసారిగా పెళ్ళి బరాత్ దూరినట్టయింది. సామాన్ల బండి అనుకున్నది గంతులేస్తోంది. చుక్కలు చుక్కలుగా రాలిన పియానో గలగలమని వానలా కురుస్తోంది. యంత్రం డప్పు అలిసిపోలేదు, ఎన్నడూ అలిసిపోలేదు. అలిసిపోయింది మేమే. అన్నీ ఆగే చోటు వచ్చింది. ముసలాయన ఏడ్చే చోటు. అక్కడ ఒక ఆడపిల్ల నవ్వింది. ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు, పట్టలేక, పకపకా నవ్వింది.

వదిన కూడా ఆ పిల్లతో పాటే ఫక్కున నవ్వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను అతని వైపు చూశాను. చెవి స్పీకరుకు ఆనించి, నుదురు ముడిచి వింటున్నాడు. నవ్వలేదు. అతని ముఖంలో ఏమీ కదల్లేదు.

"పాటేది?" అన్నాడు. "ముల్లు రాసినట్టు చిట్‌చిట్ అంటున్నది గంతే. పాటేది తమ్మీ?"

ఆలస్యమైపోయిందనుకున్నాను. వదిన నవ్వు ఆగిపోయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే చెయ్యి చాచి మీటను వెనక్కి, ముప్పై మూడుకు తోశాను. పాట వంగి, బరువెక్కి, కిందికి దిగింది. ఆ పాత గొంతుతో కదిలింది.

అతను అరచెయ్యి ప్లేయరు చెక్క మీద పెట్టాడు. చెవి ఇంకా దగ్గరగా పెట్టాడు. కాసేపటికి రెండో చేతి వేళ్ళు మోకాలి మీద ఆడడం మొదలుపెట్టాయి. ఆ చోటు వచ్చింది. వేళ్ళు ఆగాయి.

"ఆఁ," అన్నాడు. "ముసలాయన ఇంక ఏడుస్తనే ఉన్నడు."

పాట అయ్యాక లేబులును మళ్ళీ ఒకసారి చూశాడు. "తప్పేసిన్రు. ఇది ముప్పై మూడుదే," అన్నాడు. అతనికి నిజంగా తెలియలేదో, తెలిసే అన్నాడో నేను అడగలేదు. అరిచి అడిగే ప్రశ్న కాదది.

గుమ్మం దాకా వదిన వచ్చింది. "తమ్మీ, చర్చిల కానుకలప్పుడు వాయించింది గిదేనా? గీ గంతుల పాటనా?"

"ఇదే వదినా."

"మా యేసయ్యా! అయ్యగారు పోయిండు గని, ఉంటె ఏమనేటోడో." నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "ఈయనకు చెప్పొద్దు."

"చెప్పను."

"చెప్పినా వినవడదు తియ్యి," అంది. అనేసి తన మాట తనకే తగిలినట్టు లోపలికి చూసింది.

మళ్ళీ మొదటి ఆదివారాలు మొదలయ్యాయి. మొదటిసారి అతను ఖాళీ చేతులతో వచ్చాడు.

"తేలే. ఈ నెల గూడ నాదే. నువ్ తిన్న నెలలన్నీ కక్కించినంకనే నీకిస్త," అన్నాడు.

తర్వాతి నెలా అంతే. ఆ పై నెలా అంతే. సంచీ లేకుండా రావడం, నేను వాయిదా అడిగినప్పటి గొంతుతో "ముల్లు విరిగిందండీ, ఇంటికి సున్నం వేస్తున్నారండీ" అని నన్ను వెక్కిరించడం. చాయ్ పోసే ఆయన కూడా నవ్వేవాడు. నేను ఆ మాటలు పడ్డాను. పడుతుంటే బరువు తగ్గిందని చెప్పను, తగ్గలేదు. కానీ అతను సంచీ లేకుండా తలుపు దగ్గర కనబడగానే నాకు ఊపిరి తేలికయ్యేది. రికార్డు ఇంట్లో ఉందంటే వింటున్నాడన్నమాట. వింటున్నాడంటే ఇంకా వినబడుతోందన్నమాట.

రోడ్డు దాటేటప్పుడు వెనక హారను కొట్టినా తిరిగి చూడడం మానేశాడు. నా మాటలకు జవాబు చెప్పడం తగ్గించి, నా పెదాలు చూడడం మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత అదీ తగ్గింది. చాయ్ తాగి, వీధి చూస్తూ కూర్చునేవాళ్ళం. నాకు తోచిన రుజువు ఒకటే: సంచీ లేదు, కాబట్టి ఫికర్ లేదు.

ఒక ఆదివారం, వానాకాలం, నేను వెళ్ళేసరికి అతను ముందే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద గుడ్డ సంచీ ఉంది. వాన తగలకుండా పైన ప్లాస్టిక్ కవరు చుట్టింది వదినే అయి ఉంటుంది.

నేను కూర్చోలేదు.

అతను సంచీని నా వైపు జరిపాడు. "తీస్కపో తమ్మీ. గీ నెల నీది."

"ఉంచుకో అన్నా. నా బాకీ ఇంకా తీరలేదు," అన్నాను. మళ్ళీ పెద్దగా అన్నాను. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. అతను చూడలేదు. చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు.

ఇంటికి తెచ్చాను. గది మారింది, ఇప్పుడు నాది కింది అంతస్తు, పై నుంచి రేకుల వేడి లేదు. అయినా అట్టలో పెట్టి, బీరువాలో నిలబెట్టి, తలుపు వేసి, మళ్ళీ తెరిచి చూశాను. నెలంతా ఒక్కసారి కూడా ముల్లు పెట్టలేదు. నలభై అయిదులో వినడానికి నాకు మనసొప్పలేదు, ముప్పై మూడులో వినడానికి ధైర్యం చాలలేదు.

నెల తిరిగింది. మొదటి ఆదివారం హోటలు తలుపులు తీసేసరికే సంచీతో వెళ్ళి కూర్చున్నాను. అతను వస్తాడో రాడో తెలియదు. వినబడని మనిషికి రికార్డు ఎందుకు? రెండో చాయ్ చల్లారుతుండగా వచ్చాడు. తడిసిన చెప్పులు గుమ్మంలో రాసి, నా ఎదురుగా కూర్చుని, చెయ్యి చాపాడు. సంచీ ఇచ్చాను. రికార్డును అట్టలోంచి సగం పైకి లాగి, వీధి వెలుతురుకు అడ్డంగా ఎత్తి, ఒక కన్ను మూసి అంచు పొడుగునా చూశాడు.

"అప్పడం చెయ్యలే గద?"

తల అడ్డంగా ఊపాను.

"మరి చాయ్ చెప్పు," అన్నాడు.